హాఫ్ రియాక్షన్‌ని 2తో గుణిస్తే వోల్టేజీ ఎందుకు పెరగదు? సెల్ పొటెన్షియల్ గురించి కాస్త వివరంగా

ముందు మీ ప్రశ్నేంటో రెండు ముక్కల్లో ఇక్కడ రాస్తా, తర్వాత చదివేవాళ్లకి కూడా పనికొస్తుంది. కాపర్-సిల్వర్ సెల్ లెక్కలో ఒక కాపర్ పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది, సిల్వర్ అయాన్ ఒక్కటే తీసుకుంటుంది, అందుకని సిల్వర్ వైపు జరిగే సగం రియాక్షన్‌ని (హాఫ్ రియాక్షన్) 2తో గుణించి బ్యాలెన్స్ చేశారు. మరి సిల్వర్ పొటెన్షియల్ 0.80 కూడా 1.60 అయిపోవాలి కదా, అందులోంచి కాపర్‌ది 0.34 తీసేస్తే 1.26 వోల్టులు రావాలి కదా, ఆన్సర్‌లో 0.46 అని ఎందుకుంది అని అడిగారు. దాంతోపాటు ఆనోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే ఎలక్ట్రోడ్) సైన్ తిప్పాలా వద్దా అని ఒకటి, ల్యాబ్‌లో జింక్-కాపర్ సెల్ 1.10కి బదులు 1.04 చూపించింది, ఎక్కడ తేడా కొట్టింది అని ఇంకొకటి.

చాలా ఏళ్లుగా ఈ చాప్టర్ చెప్తున్నా, మొదటి రెండు డౌట్లూ ఒక్కచోటే పుడతాయి. పొటెన్షియల్ అంటే రియాక్షన్‌లోంచి వచ్చే ఎనర్జీ అనుకుంటారు. కాదండీ. అది ఒక్కో కూలంబ్ చార్జికి వచ్చే ఎనర్జీ. వోల్ట్ అంటే జౌల్ బై కూలంబ్, అంతే, దీన్ని ఒక్క క్షణం కూడా మర్చిపోకుండా పట్టుకుంటే చాప్టర్‌లో సగం పైన తేలిపోతుంది.

సిల్వర్‌నే తీసుకుందాం. ఒక మోల్ ఎలక్ట్రాన్ల చార్జి 96,485 కూలంబులు, దీన్నే ఫారడే అంటాం. ఒక మోల్ సిల్వర్ అయాన్లు ఒక మోల్ ఎలక్ట్రాన్లు తీసుకుని సిల్వర్‌గా మారితే, హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చినప్పుడు వచ్చే ఎనర్జీ 0.80 ఇంటూ 96,485, అంటే దాదాపు 77 కిలోజౌల్స్. ఇప్పుడు రియాక్షన్‌ని 2తో గుణించండి. ఎనర్జీ 154 కిలోజౌల్స్ అయింది, నిజమే, రెట్టింపు అయింది, కానీ తిరిగిన చార్జి కూడా 1,92,970 కూలంబులు అయింది. పైదాన్ని కిందదానితో భాగించండి, మళ్ళీ అదే 0.80. పైనా కిందా రెండూ ఒకేసారి రెట్టింపయ్యాక భాగహారం ఎలా మారుతుంది చెప్పండి. డబుల్ ఏ సైజు ఆల్కలైన్ బ్యాటరీ, దానికన్నా చిన్నదైన ట్రిపుల్ ఏ, రెండిటి మీదా 1.5 వోల్ట్ అనే ఉంటుంది చూడండి, లోపల మెటీరియల్ ఎక్కువుంటే ఎక్కువసేపు నడుస్తుంది తప్ప వోల్టేజీ పెరగదు. వోల్టేజీ పెరగాలంటే సెల్స్‌ని సిరీస్‌లో పెట్టాలి, కార్ బ్యాటరీలో రెండేసి వోల్టుల లెడ్ సెల్స్ ఆరు వరసగా కలిపేది అందుకే, అక్కడ ఒకే ఎలక్ట్రాన్ ఆరు మెట్లూ దిగాలి కాబట్టి ఒక్కో కూలంబ్‌కి వచ్చే ఎనర్జీ నిజంగానే ఆరు రెట్లవుతుంది.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది, ఇది ఎవరూ గట్టిగా చెప్పరు, పరీక్షలో మాత్రం సరిగ్గా ఇదే అడుగుతారు. "పొటెన్షియల్‌ని దేంతోనూ గుణించకూడదు" అని బట్టీ పట్టినవాళ్లు ఐరన్ దగ్గర దెబ్బతింటారు. ఐరన్ త్రీ ప్లస్ ఒక ఎలక్ట్రాన్ తీసుకుని టూ ప్లస్ అవ్వడానికి 0.77, టూ ప్లస్ రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని మెటల్ అవ్వడానికి మైనస్ 0.44. మరి త్రీ ప్లస్ నేరుగా మెటల్ అవ్వడానికి ఎంత అంటే చాలామంది టకటకా కూడేసి 0.33 అని రాసేస్తారు. అసలు విలువ మైనస్ 0.04 దగ్గర ఉంటుంది. సైన్ కూడా తిరగబడింది, చిన్న తేడా కాదు. ఎందుకంటే పొటెన్షియల్స్ కూడే వస్తువులు కావు, కూడేది ఎనర్జీ. మొదటి మెట్టులో ఒక ఎలక్ట్రాన్, అంటే 1 ఇంటూ 0.77. రెండో మెట్టులో రెండు, అంటే 2 ఇంటూ మైనస్ 0.44, మైనస్ 0.88. కలిపితే మైనస్ 0.11, దాన్ని మొత్తం మూడు ఎలక్ట్రాన్లతో భాగిస్తే మైనస్ 0.037. ఇప్పుడు చూడండి, ఇక్కడ గుణించాం, తప్పు కాలేదు, ఎందుకంటే గుణించింది గిబ్స్ ఎనర్జీ (రియాక్షన్‌లోంచి పనిగా రాబట్టుకోగల ఎనర్జీ) కోసం, చివర్లో మళ్ళీ భాగించి ఒక్కో ఎలక్ట్రాన్‌కి ఎంతో తెచ్చుకున్నాం.

మరి మామూలు సెల్ లెక్కల్లో ఇదంతా లేకుండా కాథోడ్‌లోంచి ఆనోడ్ తీసేస్తే సరిపోతోంది కదా అంటారా? అక్కడ ఆనోడ్ వదిలిన ఎలక్ట్రాన్లన్నీ కాథోడ్ తీసుకుంటుంది, ఒక్కటి కూడా మిగలదు, కాబట్టి డెల్టా జీ = మైనస్ ఎన్ ఎఫ్ ఈ అనే ఫార్ములాలో (డెల్టా జీ అంటే గిబ్స్ ఎనర్జీ మార్పు, ఎన్ ఎలక్ట్రాన్ల సంఖ్య, ఎఫ్ ఫారడే, ఈ పొటెన్షియల్) ఎన్ రెండు వైపులా ఒకటే అయ్యి కొట్టుకుపోతుంది. హాఫ్ రియాక్షన్‌ని హాఫ్ రియాక్షన్‌తో కలిపి ఇంకో హాఫ్ రియాక్షన్ తెచ్చుకునేటప్పుడు మాత్రం ఎలక్ట్రాన్లు ఇంకా మిగిలుంటాయి, ఎన్ కొట్టుకుపోదు. అడ్డదారి ఎక్కడ పనిచేస్తుందో ఎందుకు పనిచేస్తుందో తెలిస్తేనే దాన్ని వాడాలి, లేకపోతే ప్రతిసారీ డెల్టా జీలోకి వెళ్లి రావడమే సేఫ్.

ఇప్పుడు అసలు ఆ ఎలక్ట్రోడ్ దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం, ఫార్ములాలు పక్కన పెట్టి. జింక్ రాడ్‌ని జింక్ సల్ఫేట్ సొల్యూషన్‌లో ముంచారు. ఉపరితలం మీదున్న కొన్ని జింక్ పరమాణువులు రెండు ఎలక్ట్రాన్లు మెటల్‌లోనే వదిలేసి అయాన్లుగా నీళ్లలోకి దిగుతాయి, అదే సమయంలో సొల్యూషన్‌లో ఉన్న కొన్ని అయాన్లు ఎలక్ట్రాన్లు తీసుకుని మెటల్ మీదకి ఎక్కుతాయి. దిగేవి ఎక్కువైతే రాడ్‌లో ఎలక్ట్రాన్లు పేరుకుంటాయి, ఆ పేరుకున్న నెగటివ్ చార్జి ఇంకా దిగబోయే పాజిటివ్ అయాన్లని వెనక్కి లాగుతుంది, ఎక్కేవాటికి ఊపునిస్తుంది, అలా ఒకచోట రెండూ సమానమై నిలబడిపోతాయి. రాడ్‌కీ సొల్యూషన్‌కీ మధ్య ఆ నిలబడిన పొటెన్షియల్ తేడానే ఎలక్ట్రోడ్ పొటెన్షియల్. కాపర్ దగ్గరా ఇదే తంతు, కాకపోతే బ్యాలెన్స్ వేరేచోట కుదురుతుంది, దిగే మొగ్గు తక్కువ.

దీనికి ఎంత జింక్ కరగాలి అనుకుంటున్నారు? ఈ సరిహద్దు ఒక కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది, మెటల్-నీళ్ల సరిహద్దుకి చదరపు సెంటీమీటరుకి ఇంచుమించు 20 మైక్రోఫారడ్‌లు అనుకుంటే, ఒక వోల్ట్ మారడానికి 20 మైక్రోకూలంబుల చార్జి చాలు. మోల్స్‌లో చెప్పాలంటే 10 పవర్ మైనస్ 10 మోల్స్ లెవెల్. ఉపరితలం మీదున్న పరమాణువుల్లో పదోవంతు కూడా కదలక్కర్లేదు. ఏ త్రాసు మీద పెట్టినా బరువు తేడా కనిపించదు, సొల్యూషన్ కాన్సంట్రేషన్ మారినట్టు ఏ టెస్ట్‌లోనూ తెలియదు, కానీ వోల్ట్‌మీటర్‌కి మాత్రం పూర్తి వోల్టేజీ కనిపిస్తుంది. సాల్ట్ బ్రిడ్జ్, అంటే రెండు బీకర్లనీ కలిపే సాల్ట్ సొల్యూషన్ దారి, లేకపోతే సెల్ ఎందుకు నడవదో కూడా ఇందులోనే ఉంది. బ్రిడ్జ్ లేకుండా వైరొక్కటే కలిపితే ఇంతే చిన్న చార్జి అటు నుంచి ఇటు వెళ్లేసరికి ఒక బీకర్ పాజిటివ్, ఇంకో బీకర్ నెగటివ్ అయిపోయి కరెంట్ అక్కడికక్కడ ఆగిపోతుంది. బ్రిడ్జ్‌లోని అయాన్లు రెండు వైపులా చార్జి సరిచేస్తూ ఉంటేనే ఎలక్ట్రాన్లు నడుస్తూ ఉంటాయి.

ఒక్క ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ని విడిగా కొలవచ్చా అంటే మామూలు మీటర్‌తో కుదరదు. మీటర్‌కి రెండు వైర్లుంటాయి, ఒకటి రాడ్‌కి తగిలిస్తారు, రెండోది సొల్యూషన్‌లో ముంచాలి, ముంచిన క్షణమే ఆ వైరే ఇంకో ఎలక్ట్రోడ్ అయిపోతుంది. ఎప్పుడు కొలిచినా తేడానే కొలుస్తాం. అందుకే ఒకదాన్ని సున్నా అనుకుని మిగతావి దాంతో పోల్చుకుంటున్నాం, కొండ ఎత్తుని సముద్ర మట్టం నుంచి లెక్కేసినట్టు. ఆ సున్నా స్టాండర్డ్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్, ప్లాటినం బ్లాక్ పూసిన ప్లాటినం రేకు, 1 బార్ ప్రెషర్‌లో హైడ్రోజన్ గ్యాస్, హైడ్రోజన్ అయాన్ల యాక్టివిటీ (సొల్యూషన్‌లో నిజంగా పనిచేసే కాన్సంట్రేషన్ అనుకోండి) 1. ఏ టెంపరేచర్ దగ్గరైనా దీని విలువ సున్నా అని పెట్టుకున్న ఒప్పందం అది, హైడ్రోజన్‌లో ఏదో ప్రత్యేకత ఉండి సున్నా కాదు. వ్యాక్యూమ్‌లో ఉన్న ఎలక్ట్రాన్‌తో పోల్చి లెక్కగట్టిన విలువ కూడా ఉంది, 25 డిగ్రీల దగ్గర సుమారు 4.44 వోల్టులు. టేబుల్‌లో ప్రతి విలువకీ ఈ 4.44 కలిపేసినా మీ సెల్ లెక్క ఒక్కటి కూడా మారదు, ఎందుకంటే తీసివేతలో రెండు వైపులా పోతుంది. మైనస్ 0.76 అని చూసి జింక్‌లో ఏదో తక్కువైంది అనుకోవద్దు, హైడ్రోజన్‌తో పోలిస్తే ఇంత కింద ఉంది అని మాత్రమే దానర్థం.

సైన్ గొడవకి వద్దాం, దీని మీద ఎక్కువసేపు కూర్చోవక్కర్లేదు. ఇప్పుడు మీ టేబుల్‌లో ఉన్నవన్నీ రిడక్షన్ పొటెన్షియల్స్, అంటే ఎలక్ట్రాన్లు తీసుకునే దిశలో రాసినవి. రెండు విలువల్నీ టేబుల్‌లో ఎలా ఉన్నాయో అలాగే, సైన్ ముట్టుకోకుండా తీసుకుని, కాథోడ్‌లోంచి ఆనోడ్ తీసేయండి. జింక్-కాపర్‌కి 0.34 మైనస్ ఆఫ్ మైనస్ 0.76, 1.10 వస్తుంది. ఇంకో పద్ధతి, ఆనోడ్ రియాక్షన్‌ని తిప్పి రాసి సైన్ మార్చి కూడటం, అదీ 1.10 ఇస్తుంది. రెండూ ఒకటే. సైన్ మార్చేసి ఆ తర్వాత మళ్ళీ తీసివేయడం, అది మాత్రం తప్పు, మైనస్ 0.42 వస్తుంది, మీ నోట్స్ ఫోటోలో అక్కడక్కడ జరిగింది కూడా ఇదే. పాత పుస్తకాలు చూసి ఇంకా తికమకపడేవాళ్లుంటారు, ఒకప్పుడు అమెరికన్ పుస్తకాల్లో ఆక్సిడేషన్ పొటెన్షియల్స్ ఇచ్చేవాళ్లు, జింక్‌కి ప్లస్ 0.76 అని ఉండేది. 1953లో స్టాక్‌హోమ్‌లో కెమిస్ట్రీ ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ రిడక్షన్ పద్ధతినే ఖాయం చేసింది. నా సలహా అయితే మొదటి పద్ధతొక్కటే పెట్టుకోండి. కాగితం మీద మీరు రియాక్షన్‌ని ఎటు తిప్పి రాసినా బీకర్‌లో ఉన్న జింక్ రాడ్ నెగటివ్‌గానే ఉంటుంది, ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ సైన్ మారకపోవడమే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన చోటికొద్దాం. అసలు ఆ 1.10 ఎక్కడ్నుంచి వస్తోంది? "జింక్ ఎలక్ట్రాన్లని తేలిగ్గా వదిలేస్తుంది, కాపర్ వదలదు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. విలువలు దగ్గర పెట్టుకుని చూస్తే కథ అలా లేదు. జింక్ మెటల్ నీళ్లలో అయాన్ అవ్వడాన్ని మూడు భాగాలుగా ఊహించుకోండి. మెటల్ గడ్డలోంచి ఒక పరమాణువుని విడదీసి గ్యాస్ చేయాలి, దాన్నుంచి రెండు ఎలక్ట్రాన్లు పీకాలి, వచ్చిన అయాన్‌ని నీళ్లలో వేయాలి. మొదటి రెండూ ఖర్చు, మూడోది రాబడి. ఎలక్ట్రాన్లు పీకడానికి జింక్‌కి మోల్‌కి దాదాపు 2640 కిలోజౌల్స్, కాపర్‌కి 2703. తేడా 64 అంతే. నీళ్లలో వేసినప్పుడు కాపర్ అయాన్‌కి జింక్ అయాన్ కన్నా సుమారు 50 కిలోజౌల్స్ ఎక్కువ తిరిగొస్తుంది, కాబట్టి ఆ తేడా కూడా చాలావరకు అక్కడే చెల్లిపోయింది. మరి మిగిలిందేంటి? మెటల్‌లోంచి పరమాణువుని విడదీసే ఖర్చు. జింక్‌కి 130, కాపర్‌కి 338. తేడా 200 పైన.

అంటే జింక్ మెటల్‌లో పరమాణువులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుని ఉండవు, కాపర్‌లో బాగా గట్టిగా పట్టుకుని ఉంటాయి. జింక్ మరిగే టెంపరేచర్ 907 డిగ్రీలు, కాపర్‌ది రెండున్నర వేల పైన, అక్కడా ఇదే కనిపిస్తుంది. సెల్ నడుస్తున్నంతసేపూ వదులుగా కట్టిన జింక్ కరుగుతూ గట్టిగా కట్టిన కాపర్ తయారవుతోంది, ఈ జింక్-కాపర్ సెల్, అంటే డేనియల్ సెల్, ఎనర్జీలో ముఖ్యభాగం ఇదే. లెక్క చూసుకోండి, 1.10 వోల్టులకి రెండు ఎలక్ట్రాన్లతో గిబ్స్ ఎనర్జీ 212 కిలోజౌల్స్, మెటల్ బాండింగ్ తేడా 208. అదే జింక్ పొడిని తిన్నగా కాపర్ సల్ఫేట్‌లో వేసి కలిపితే మోల్‌కి సుమారు 219 కిలోజౌల్స్ వేడిగా పోతుంది, బీకర్ పట్టుకుంటే చేతికి తెలుస్తుంది. రెండు బీకర్లుగా విడదీసి ఎలక్ట్రాన్లని వైర్ గుండా నడిపిస్తే అందులో 212 దాకా కరెంటుగా రాబట్టుకోవచ్చు. 1836లో జాన్ ఫ్రెడరిక్ డేనియల్ చేసిన గొప్ప పని ఇదే, రెండు సొల్యూషన్లూ కలిసిపోకుండా చూసి అదే రియాక్షన్ చేత పని చేయించడం.

లిథియం కూడా ఇలాంటిదే. టేబుల్‌లో మైనస్ 3.04తో అట్టడుగున ఉంటుంది, సోడియం మైనస్ 2.71. కానీ గ్యాస్‌గా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ పీకడానికి లిథియంకే ఎక్కువ ఖర్చు, 520 కిలోజౌల్స్, సోడియంకి 496. చిన్న అయాన్ కాబట్టి నీళ్ల అణువులు దాని చుట్టూ బాగా దగ్గరగా చేరి ఆ ఖర్చంతా తిరిగిచ్చేస్తాయి. అందుకే స్టాండర్డ్ పొటెన్షియల్ అనేది ఆ ఒక్క మెటల్ గుణం మాత్రమే కాదు, మెటల్, అయాన్, నీళ్లు మూడూ కలిసిన లెక్క. నీళ్లు తీసేసి వేరే ద్రావకం పెడితే నంబర్లు మారతాయి.

స్టాండర్డ్ అన్నాం కదా, అంటే అయాన్ల యాక్టివిటీ 1, మామూలు లెక్కల్లో 1 మోలార్ అనుకుంటాం. అలా లేనప్పుడు నెర్న్‌స్ట్ ఈక్వేషన్ వాడాలి, వాల్టర్ నెర్న్‌స్ట్ 1889లో ఇచ్చింది. 25 డిగ్రీల దగ్గర సెల్ పొటెన్షియల్ అంటే స్టాండర్డ్ విలువలోంచి 0.0592 బై ఎన్ ఇంటూ లాగ్ క్యూ తీసేయడం. ఎన్ అంటే ఎలక్ట్రాన్లు, క్యూ అంటే రియాక్షన్ కోషెంట్, తయారైనవాటి కాన్సంట్రేషన్‌ని ఖర్చయ్యేవాటితో భాగించిన నిష్పత్తి, బ్యాలెన్స్ చేసిన అంకెలు పవర్లుగా. మీరు గుణించిన ఆ 2 ఎక్కడికి పోయింది అంటే, ఇదిగో ఇక్కడికొచ్చింది, క్యూలో పవర్‌గా. కాపర్ అయాన్ 0.1 మోలార్, సిల్వర్ అయాన్ 0.01 మోలార్ అనుకోండి. క్యూ అంటే 0.1 బై 0.01 స్క్వేర్, 1000, లాగ్ 3. ఎన్ 2 కాబట్టి 0.0296 ఇంటూ 3, 0.089 తగ్గి 0.46 కాస్తా 0.37 అయింది. ఇప్పుడు అదే రియాక్షన్‌ని సగం చేసి రాయండి, అర కాపర్, ఒక సిల్వర్, ఎన్ 1. క్యూ కూడా స్క్వేర్ రూట్ అవుతుంది, లాగ్ 1.5. 0.0592 ఇంటూ 1.5, మళ్ళీ 0.089. మీరెలా బ్యాలెన్స్ చేసినా బీకర్‌కి తెలియదు కదా, దాని వోల్టేజీ మారకూడదు, మారట్లేదు. ఈ లెక్క ఒకసారి మీ చేత్తో చేసి చూడండి, చదివి వదిలేయొద్దు.

ఈ ఈక్వేషన్‌లో లాగ్ ఉండటం వల్ల ఒక మంచి సంగతి జరుగుతుంది. డేనియల్ సెల్‌లో రెండు వైపులా 1 మోలార్‌తో మొదలుపెట్టి కాపర్ అయాన్లలో 99 శాతం వాడేశారనుకోండి. మిగిలిన కాపర్ 0.01, జింక్ 1.99, నిష్పత్తి 199. వోల్టేజీ ఎంత పడిపోయి ఉంటుంది? 0.07 అంతే, ఇంకా 1.03 ఉంది. 99.99 శాతం వాడేసినా 0.97 ఉంటుంది. దాదాపు చివరిదాకా నిలబడి ఆఖర్లో ఒక్కసారిగా కూలిపోతుంది. వోల్టేజీ సున్నా అవ్వాలంటే క్యూ పెరిగి పెరిగి ఈక్విలిబ్రియం కాన్‌స్టంట్‌తో సమానం కావాలి, దీనికది 10 పవర్ 37. వోల్టేజీ చూసి బ్యాటరీలో ఎంత మిగిలుందో చెప్పడం చాలా రకాల్లో కష్టమయ్యేది ఇందుకే. "స్టాండర్డ్ పొటెన్షియల్ పాజిటివ్ కాబట్టి రియాక్షన్ జరుగుతుంది" అని రాసేవాళ్లు కూడా ఇది గమనించాలి, ఆ క్షణంలో ఎటు వెళ్తుందో చెప్పేది అప్పటి కాన్సంట్రేషన్లతో కట్టిన పొటెన్షియల్, స్టాండర్డ్ విలువ చెప్పేది ఈక్విలిబ్రియం ఎటు వైపు ఒరిగి ఉందో. రెండు వైపులా కాపరే పెట్టి ఒకచోట 1 మోలార్, ఇంకోచోట 0.01 పెడితే స్టాండర్డ్ విలువ సున్నా, అయినా మీటర్ 0.059 దగ్గర చూపిస్తుంది, కేవలం కాన్సంట్రేషన్ తేడాతో. పీహెచ్ మీటర్ నడిచేది కూడా ఇదే సూత్రం మీద, 25 డిగ్రీల్లో పీహెచ్ ఒకటి మారితే 59 మిల్లీవోల్టులు మారుతుంది.

ఒకటి మాత్రం పొటెన్షియల్‌ని అడగొద్దు, ఎంత స్పీడుగా జరుగుతుంది అని. అల్యూమినియంది మైనస్ 1.66, టేబుల్ ప్రకారం నీళ్లతో గట్టిగా రియాక్ట్ అవ్వాలి, పైన పల్చటి ఆక్సైడ్ పొర అడ్డుండటం వల్ల గిన్నెలుగా వాడుకుంటున్నాం. నీళ్లని విడగొట్టడానికి లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలు, అంతే ఇస్తే బుడగలు కనిపించవు, ఇంకా ఎక్కువ ఇవ్వాలి, ఆ అదనాన్నే ఓవర్‌పొటెన్షియల్ అంటారు. అది వేరే పెద్ద టాపిక్.

చివరగా మీ ల్యాబ్ రీడింగ్. ముందుగా కాన్సంట్రేషన్ మీద అనుమానం పెట్టుకోకండి, మీరు రెండూ 0.1 మోలార్ తీసుకున్నానన్నారు, రెండూ సమానమైతే క్యూ 1, లాగ్ సున్నా, యాక్టివిటీలు కొంచెం తేడా ఉన్నా ఈ రెండు సల్ఫేట్లకీ దగ్గరదగ్గరగానే ఉంటాయి. 60 మిల్లీవోల్టులు పోవాలంటే కాన్సంట్రేషన్ నిష్పత్తి వంద రెట్లు మారాలి, కొలవడంలో అంత తేడా ఎవరూ చేయరు. నా అనుమానం మీటర్ మీద. సూది తిరిగే పాత వోల్ట్‌మీటర్ అన్నారు కదా, దాని రెసిస్టెన్స్ తక్కువ, 2000 ఓమ్‌లు అనుకుందాం. మీ సాల్ట్ బ్రిడ్జ్, సొల్యూషన్లు కలిపి సెల్ లోపలి రెసిస్టెన్స్ 100 ఓమ్‌లు ఉందనుకోండి, సాల్ట్ సొల్యూషన్‌లో తడిపిన ఫిల్టర్ పేపర్ వాడితే ఇంకా ఎక్కువే ఉండొచ్చు. మీటర్ తన సూది కదపడానికే సెల్ నుంచి కరెంట్ లాగుతుంది, ఆ కరెంట్ వల్ల లోపల కొంత వోల్టేజీ పోతుంది, మీటర్‌కి మిగిలేది 1.10 ఇంటూ 2000 బై 2100, అంటే 1.05. మీ రీడింగ్‌కి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. సెల్ పొటెన్షియల్ అంటే కరెంట్ లాగనప్పుడు ఉండే విలువ, అందుకే వెనకటికి పొటెన్షియోమీటర్ పెట్టి, ఎదురు వోల్టేజీతో కరెంట్‌ని సున్నా చేసి మరీ కొలిచేవాళ్లు. 10 మెగాఓమ్‌ల డిజిటల్ మల్టీమీటర్ పెడితే అదే 100 ఓమ్‌ల వల్ల పోయేది పదకొండు మైక్రోవోల్టులే, కనిపించను కూడా కనిపించదు.

కాబట్టి ముందు డిజిటల్ మీటర్‌తో కొలవండి. 1.09, 1.10 వస్తే విషయం తేలిపోయినట్టే. అప్పటికీ తక్కువే వస్తే జింక్ రాడ్ తీసి చూడండి. బూడిదరంగు పొర ఉంటే ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దండి, నల్లగానో ఎర్రగానో ఏదన్నా అంటుకుని ఉంటే కాపర్ సొల్యూషన్ ఎలాగో జింక్ వైపు చేరి రాడ్ మీద కాపర్ పేరుకుందని అర్థం, అప్పుడు రాడ్ జింక్‌లా ప్రవర్తించదు, సొల్యూషన్ పారబోసి కొత్తది పోయాల్సిందే. క్లిప్పులు తుప్పు పట్టాయేమో, తడిలో మునిగాయేమో కూడా చూడండి, క్లిప్ నీళ్లలో మునిగితే అది కూడా ఇంకో ఎలక్ట్రోడ్ అయి కూర్చుంటుంది. ఇంకో చిన్న టెస్ట్, మీటర్ పెట్టి ఉంచి బ్రిడ్జ్‌ని ఇంకాస్త లోతుగా ముంచండి, లేదా రెండో బ్రిడ్జ్ పక్కన పెట్టండి, రీడింగ్ పైకి లేస్తే లోపలి రెసిస్టెన్సే కారణం, కదలకపోతే రాడ్ దగ్గర వెతకండి.

కాపర్-సిల్వర్ సెల్ కూడా చేస్తానన్నారు, దానికి పొటాషియం క్లోరైడ్ బ్రిడ్జ్ మాత్రం వాడకండి. క్లోరైడ్ సిల్వర్ అయాన్లని పట్టుకుని తెల్లటి సిల్వర్ క్లోరైడ్‌గా దింపేస్తుంది, బ్రిడ్జ్ కొస మూసుకుపోతుంది, సిల్వర్ కాన్సంట్రేషన్ పడిపోయి రీడింగ్ కూడా తగ్గుతుంది. పొటాషియం నైట్రేట్ గానీ అమ్మోనియం నైట్రేట్ గానీ వాడండి. సిల్వర్ నైట్రేట్, కాపర్ సొల్యూషన్ రెండూ 0.1 మోలార్ తీసుకుంటే క్యూ ఈసారి 1 కాదు, 0.1 బై 0.01, 10, కాబట్టి మీటర్ దగ్గర 0.46 కోసం చూడకండి, 0.43 దగ్గర వస్తే మీ సెల్ సరిగ్గానే ఉంది.